చిన్నతాతను నేనే చంపిన

యాన్బు,
అక్టోబర్ 5

బావా,

ముందుగాల మీ చిన్నతాత ఆత్మకు శాంతి కలగాలె. మూడేండ్ల కింద దీపావళి నాడు పోయిండట గదా. నాకు మొన్ననే తెలిసింది. తలమీద నీళ్లు పోసుకొని అచ్చి రాస్తున్న.

ఎట్ల తెలిసిందంటవా? ఊర్ల సద్దుల బతుకమ్మ కాడ, సౌదీల మీ క్యాంపుల ఉండే మల్లేశన్న భార్య మా అక్కను పక్కకు దీస్కపోయి, "అయ్యో శ్రీలతా, మీకు దీపావళి లేదట గదనే. పెద్దమనిషి పండుగనాడే పాయె. ఇగ అదే పండుగనాడు మీ ఇంట్ల పిల్లనో దూడెనో పుట్టేదాంక ఏం జేస్కుంటరు పాపం" అని కండ్లల్ల నీళ్లు దెచ్చుకున్నదట. మా అక్క తాంబాలం పట్టుకొని అట్లనే నిలవడ్డదట. ఎందుకంటే పోయినేడు దీపావళికి మీ అవ్వతోటి కలిసి మీ ఇంట్ల నోము నోముకున్నది మా అక్కనే.

బావా, మీ తాతకు తోడవుట్టినోళ్లే లేరు. మీ పెండ్లి పత్రిక రాయించింది నేను. పేర్లు సాలక జాగ మిగిలితే, మీ కుక్క పేరు గూడ రాద్దామా అని అడిగినోణ్ని నేనే. మరి ఈ చిన్నతాత ఎక్కడికెల్లి అచ్చిండు, ఎట్ల సచ్చిండు, దినాలకు ఏం వండిండ్రు, అన్నీ వివరంగ రాయి.

కాగితమెందుకంటవేమో. దసరా మొదలు నీకు యాభై సార్లు ఫోన్ జేసిన. ఎత్తవు. అందుకే నువ్వు పనిజేసే మజ్రా పొలం కూరగాయల ట్రక్కు వారానికోపాలి యాన్బు మార్కెట్‌కు తోలుకొచ్చే అల్లాబకాష్‌ను పట్టుకున్న. నువ్వు జవాబు రాసియ్యంది బండి కదిలియ్యొద్దని ఒట్టు వెట్టించుకున్న. ఆయన మాట మీద నిలవడే మనిషి. కీరకాయలు కుళ్లిపోయినా కదలడు. నీ ఇష్టం.

నీ బామ్మర్ది,
స్వామి


తబూక్ మజ్రా,
అక్టోబర్ 9

స్వామీ,

నీ దూత నా మంచం మీద కూసొని నా బిస్కెట్లు తింటుండు. ఒక పుడ అయిపోయింది. రెండోదాని మీద చెయ్యేసిండు. అందుకని జల్ది ఒప్పుకుంటున్న.

చిన్నతాతను నేనే చంపిన.

చంపాలని చంపలేదురా. మూడేండ్ల కింద దీపావళికి క్యాంపుల మనోళ్లందరు డబ్బా మూతలల్ల నూనె వోసి దీపాలు వెట్టిండ్రు. కొత్తంగీలు తొడుక్కొని నా రూము కాడికచ్చి "లక్ష్మణ్, లే" అని ఒకటే లొల్లి. నేను దుప్పటి కింద ఉన్న. ఆ ముందు బతుకమ్మకు తలనొప్పి అని చెప్పిన. దసరాకు కడుపునొప్పి అని చెప్పిన. ఇగ దీపావళికి చెప్పేతందుకు ఒంట్లె ఏం మిగల్లే. మనసు బాగలేదని చెప్పొచ్చు గదా అంటవు. చెప్తె మనోళ్లేమంటరు? "ఏం తక్కువైందిరా నీకు" అంటరు. ఏం తక్కువ గాలేదు. అదే గదా నా ఏడుపు.

అప్పుడు నోట్లెకెల్లి అచ్చేసింది, "మాకు దీపావళి లేదన్నా, మా చిన్నతాత పండుగనాడే పోయిండు" అని. సూడు స్వామీ, ఎంత మర్యాద! ఒక్కడు మారుమాట్లాడలే. చెప్పులిడిచి లోపలికచ్చి నా భుజం తట్టి, లైటు ఆర్పి, తలుపు దగ్గరికేసి పోయిండ్రు. నా బతుకుల ఎవ్వలు నాకు అంత మర్యాద ఇయ్యలే. మల్లేశన్న ఒక్కడే ఎట్ల పోయిండని అడిగిండు. పటాకులు కాలుస్తుంటే అన్న. వయసెంత అన్నడు. ఎనభై రెండు అన్న. ఎనభై రెండేండ్ల ముసలాయన పటాకులు కాల్చుడేందని అడగలే. మంచోడు.

ఇంకోటి గూడ ఒప్పుకోవాలె. ఈయేడు దసరాకు మా మేనత్తను చంపిన. నాకు మేనత్తలు గూడ లేరు. ఇట్లనే నడిస్తె నాలుగేండ్లకు లేని సుట్టాలంత అయిపోయి, ఉన్నోళ్ల మీద వడేటట్టున్న. నువ్వు జర పైలం.

నిజం జెప్పాల్నంటే, అక్టోబర్ అచ్చిందంటే నాకు భయం. నెలాఖరుకల్ల సాయంత్రం ఆరు గాకముందే పొద్దు గూకుతది. పొద్దు ఎంత ముందుకు జరిగితె నేను మంచం దిక్కు అంత జరుగుత. ఫిబ్రవరిదాంక గంతే. పండుగలస్తున్నయంటే ఇంకింత ఎక్కువైతది. అందరి మొకాలల్ల ఎలుగుంటది గదా, నాకు ఆ ఎలుగుల నిలవడ బుద్ధిగాదు. పొలంల గుండ్రంగ తిరుగుకుంట నీళ్లు చల్లే పెద్ద పైపుల మిషన్ నా డ్యూటీ అని నీకెరికే. మొన్న దాని మోటరు ముందర పానా పట్టుకొని అరగంట నిలవడ్డ. ఎందుకచ్చిన్నో యాదికి రాలే. మిషన్ తిరుగుతంది, నేను తడుస్తున్న. చూసినోళ్లు ఎండకు తానం జేస్తుండని అనుకున్నరు.

నాకు సావాలని లేదురా, ఆ భయం వెట్టుకోకు. లేవాలని లేదు. గంతే తేడా.

మీ అక్కకు ఏం జెప్పకు. మల్లేశన్న గూడ ఈమధ్యల ఎట్లనో అయిండు. వానకాలం సురువుల లాల్ అహ్మద్ సాకే ఆవు పగ్గం దెచ్చి నా చేతుల వెట్టి, "ఇయ్యాల్టి సంది ఈ ఆవు నీదే అనుకో తమ్మీ" అన్నడు. లాల్ అహ్మద్ అంటే ఇక్కడ ఆవులను, గొర్లను చూసుకునే పాకిస్తానాయన. ఇద్దరు మొకాలు మొకాలు చూసుకున్నరు. పాపం వయసు మీద వడ్డది అనుకొని ఊకున్న.

రెండో పుడ గూడ అయిపోయింది. ఉంట.

లక్ష్మణ్


యాన్బు,
అక్టోబర్ 15

బావా,

మీ మేనత్తకు గూడ తలమీద నీళ్లు పోసుకున్న. ఇగ నువ్వు చంపుడు ఆపకపోతే నాకు సర్ది వడ్తది.

నవ్విన బావా, అబద్ధమెందుకు. బాత్రూంల కూసొని నవ్విన. మల్ల చదివిన. "లేవాలని లేదు" అన్న కాడ ఆగిన. అక్కడ నవ్వు రాలే.

నీకు తెల్వనిది ఒకటి చెప్త. అక్క చెప్పొద్దన్నది. నువ్వు అక్కకు చెప్పొద్దన్నవు. మీ ఇద్దరి మూటలు మోసుడుకే నన్ను కన్నరు మా అవ్వ నాయినలు.

దీపావళి పొద్దుగాల ఆడపిల్లలు నాయినలకు హారతి ఇస్తరు గదా. నీ బిడ్డ కావ్య రెండేండ్ల సంది ఏం జేస్తందో తెల్సా? తలంటుకొని, లంగా జాకెటు ఏసుకొని, ఫోన్‌ను బియ్యం డబ్బాకు ఆనిచ్చి నిలవెడ్తది. దానికి బొట్టు వెడ్తది. నీకు వీడియో కాల్ కలిపి, పళ్లెం పట్టుకొని నిలవడ్తది. నువ్వు ఎత్తవు. మోగి మోగి ఆగిపోతది. పోయినేడు ఆగినాక గూడ అది ఆగలే. "డాడీ సౌదీ" అని తెర మీద పేరుంటది గదా, ఆ పేరుకే హారతిచ్చి కండ్లకద్దుకున్నది. తొమ్మిదేండ్ల పిల్ల బావా.

మల్లేశన్న భార్య చెప్పిన కాడికెల్లి అక్క వేరే లెక్కల వడ్డది. "పండుగకు తప్పించుకునేతందుకు లేని మనిషిని చంపిండంటే, ఆడ ఇంకో సంసారమన్న ఉండాలె, మేమన్న వద్దయిపోయి ఉండాలె" అన్నది. నేను ఇంకో సంసారమా, ఆయనకు ఒక్క సంసారంతోటి మాట్లాడేతందుకే శాతనైతలేదు అన్న. నవ్వలే. "ఈ దీపావళికి గూడ ఎత్తకపోతే ఇగ నేను ఫోన్ జెయ్యను. మల్ల ఎన్నడు జెయ్య. పిల్లకు గూడ అదే చెప్త" అన్నది. మా అక్క గొంతు లేవలే. గొంతు లేస్తె నాకు భయం లేకుండె.

ఇరవై తారీఖు. మన సౌదీ టైముకు పొద్దుగాల ఐదు. ఒక్క బటన్ బావా. మొకం కడుక్కోకున్నా మంచిదే.

నా సంగతి అడగలే గని, నేను బానే ఉన్న. నాకేమైతది, ఇనుప స్తంభాల మీద ఎక్కి దిగే కోతిని.

స్వామి


తబూక్ మజ్రా,
అక్టోబర్ 24

స్వామీ,

నన్ను తిట్టేతందుకు ముందుగాల కూసొని నీళ్లు తాగు. ఈ కాగితంల తిట్టేటియి శాన ఉన్నయి.

ఇరవై తారీఖు పొద్దుగాల నాలుగున్నరకే లేసిన. అసలు పండుకోలేదనుకో. ఫోన్‌ను డబ్బాకు ఆనిచ్చి పెట్టిన, కావ్య లెక్కనే. అంగీ మార్చుకున్న. అద్దంల చూస్కున్న. ఆ మొకానికి హారతి ఇస్తె దీపమే ఆరిపోతది అనిపిచ్చింది. అయినా కూసున్న. ఇంతల బయట పెద్ద లొల్లి. గిన్నెలు కొట్టుడు, ఈలలు. తలుపు దీసి చూస్తె క్యాంపంత నా గడప ముందర ఉన్నది. మల్లేశన్న ముందర. లాల్ అహ్మద్ భుజాల మీద దూడె. దానికి పసుపు, మెడల మల్లేశన్న ఎర్ర దస్తీ.

"తమ్మీ, నీ ఆవు ఈనింది! దీపావళి నాడే ఈనింది! నీ పండుగ నీకు తిరిగచ్చింది!" అని మల్లేశన్న నన్ను గట్టిగ పట్టుకొని ఏడ్సుడు. పగ్గం నా చేతుల ఎందుకు వెట్టిండో గప్పుడర్థమైంది. ఇంటి ఆవే ఈనాలె గదా, అందుకే దాన్ని నా ఇంటి ఆవును జేసిండు. ఎన్ని నెలలకు ఈనుతదో చేతి ఏళ్ల మీద లెక్కవెట్టుకుంట తిరిగిండట. లాల్ అహ్మద్‌కు ఈ పట్టింపు అంత ఇడమర్చి చెప్పిండట. ఆయన "మీ చిన్నతాత కోసం నేనూ దువా జేసిన యార్" అన్నడు. లేని చిన్నతాత కోసం పాకిస్తానాయన దువా జేసిండు స్వామీ. నేనెక్కడికి వోవాలె?

దూడె మాత్రం గట్టిది. ఈని గంట గాలేదు, ఒళ్లంత ఆరి, మెత్తగ, నాలుగు కాళ్ల మీద ఎగురుతంది. సౌదీ దూడె గదా అనుకున్న.

అప్పుడే ఫోన్ మోగింది.

అందరు నా మొకమే చూస్తున్నరు. నవ్వుకుంట చూస్తున్నరు. నాకు ఒక్కసారి అంత నోట్లెకచ్చింది, అబద్ధమన్నా, ఎవ్వలు సావలే అని. చెప్పలేకపోయిన. ఫోన్ మోగుతంది. ఎత్తలేకపోయిన. చెయ్యి ఉన్నది, ఫోన్ ఉన్నది, నడుమ జానెడు జాగ ఉన్నది. ఆ జానెడు దాటలేకపోయిన. తిరిగి బాత్రూంలకు ఉరికి గొళ్లెం వెట్టుకున్న.

మోగి మోగి ఆగిపోతదని లాల్ అహ్మదే ఎత్తిండట. కావ్య "మా డాడీ ఏడి" అని అడిగితె, ఆయనకు తెలుగు రాక దూడెను చూపిచ్చిండట. నీ మేనకోడలు ఒక్క నిమిషం ఆలోచన జేసి దూడెకే హారతిచ్చిందట. ముందుగాల నవ్విందట, ఎనుక ఏడ్సిందట. నేను గొళ్లెం వెట్టుకొని సప్పుడే ఇన్న.

బిడ్డ హారతి దూడెకు వోయింది. నాయిన బాత్రూంల ఉన్నడు. ఇంతకంటె రాసేది లేదు.

లక్ష్మణ్


యాన్బు,
నవంబర్ 2

బావా,

ఈ కాగితంల జోకుల్లేవు.

పోయిన జనవరిల నడుము పట్టిందని ఇరవై రోజులు డ్యూటీకి పోలేదని చెప్పిన యాదికున్నదా? నువ్వు ఫోన్‌ల ఏదో ఆకు కట్టుమని చెప్పినవు. నాకు నడుము పట్టలే బావా. స్కఫోల్డింగ్ మీద, శాన పైన, పైపులు కడుతుంటె చేతులు ఆగిపోయినయి. కిందికి దిగి రూముకచ్చి పండుకున్న. ఇరవై రోజులు పండుకున్న. నువ్వు తాతను చంపినవు, నేను నా నడుము ఇరగ్గొట్టుకున్న. ఒకే ఇంటికి బావా బామ్మర్దులం అయినం ఊకెనే గాదు.

మా కంపెనీ క్లినిక్ డాక్టర్ నడుము చూస్తననలే. నిద్రవడ్తుందా, ఆకలైతుందా, ఎవ్వలతోటన్న మాట్లాడుతున్నవా అని అడిగిండు. మూడో మాటకు నేను ఏడ్సిన. అంతెత్తున ఎక్కేటోణ్ని, స్టూలు మీద కూసొని ఏడ్సిన. ఆయన ఏం పరేషాన్ గాలే. ఇది రోగమే అన్నడు. చలికాలం, పొద్దు తక్కువున్నప్పుడు శానమందికి అయితది, ఇంటికి దూరమున్నోళ్లకు పండుగలప్పుడు ఇంకింత అన్నడు. గోలీలు రాసిండు, వారాలు పడ్తది పనిచేసేతందుకు అన్నడు. పొద్దుగాల ఎండ తగలాలె, దినాం అరగంట అన్నడు. గోలీలు ఇప్పటికి ఏస్కుంటున్న. నీకెందుకు చెప్పలే అంటే, నువ్వెందుకు చెప్పలేదో అందుకే.

మొన్న హారతినాడు అక్క నాకు ఫోన్ జేసింది. "దూడె మంచిగున్నదిరా" అన్నది. గంతే. ఆ తర్వాత నీకు జేసిందా? జెయ్యలే. ఇగ జెయ్యది. మా అక్క సంగతి నీకు నాకంటె ఎక్కువ ఎరిక.

నేను చెప్పొచ్చు. ఒక్క నిమిషం పని. చెప్ప. ఇది నువ్వు చెప్పాల్సిన మాట. డాక్టర్ కాడికి పో, తర్వాత చెప్పు. లేకుంటె ముందే చెప్పి తర్వాత పో. ఏదన్న ఒకటి జెయ్యి. నాకు నువ్వు గావాలె బావా. నాకు కాగితం రాసేతందుకు ఇంకెవ్వలున్నరు?

స్వామి


తబూక్ మజ్రా,
డిసెంబర్ 11

స్వామీ,

నెల దాటింది. అల్లాబకాష్ ప్రతి వారం అచ్చి మంచం మీద కూసొని బిస్కెట్లు తిని ఉత్త చేతులతోటి వోయిండు. నీకు ఇచ్చిన ఒట్టు వాయిదాల మీద నడిపిండు.

ఫోన్ మోగుడు బంద్ అయింది. మోగినన్ని దినాలు అది పామే అనిపిచ్చింది, మోగుడు ఆగినాక దాన్నే చూస్కుంట కూసున్న. ఎట్లాంటి మనిషిని చేస్కున్నది మీ అక్క! నీ కాగితం దిండు కింద వెట్టుకొని పదిసార్లు చదివిన. పదకొండోసారికి ముదీర్ కాడికి వోయి దవాఖానకు పోవాలె, లీవు గావాలె అన్న. మా మేనేజర్ ముదీర్ నన్ను కింది నుంచి మీదికి చూసిండు. ఏమైంది అంటే "దిమాగ్ ఖరాబ్" అన్న. అది ఎప్పటిసంది ఖరాబే గదా, ఇప్పుడేంది కొత్త అన్నట్టు చూసిండు గని సంతకం వెట్టిండు. డాక్టర్ నీ డాక్టర్ చెప్పినట్టే చెప్పిండు. ఇద్దరు ఒకే కాపీ కొట్టి పాసైనట్టున్నరు. గోలీలేస్కుంటున్న. ఇప్పటికైతె నోరెండుకపోవుడు తప్ప పెద్ద లాభం కనవడలే, నెలన్న గావాలన్నడు.

దవాఖాన నుంచి అచ్చిన రోజే మల్లేశన్నను, లాల్ అహ్మద్‌ను ఆవుల కొట్టం కాడ కూసోవెట్టి అంత చెప్పిన. చిన్నతాత లేడు, మేనత్త లేదు, నాకే బాగలేదు, మూడేండ్ల సంది బాగలేదు. మల్లేశన్న కొడ్తడనుకున్న. ఆయన లేసి నిలవడ్డడు, మల్ల కూసున్నడు. లాల్ అహ్మద్ దిక్కు చూసిండు. ఇద్దరు దొంగల లెక్క నేల చూపులు.

"తమ్మీ, దూడె దీపావళి నాడు పుట్టలే" అన్నడు మల్లేశన్న. "నాలుగు దినాల ముందుగాలనే పుట్టింది. లెక్క తప్పింది. ఇగ నువ్వు మల్లేడుదాంక ఆ దుప్పటి కిందనే ఉంటవని నాకు పానం ఆగలే. గడ్డి మోపుల ఎనుక దాచిపెట్టినం. ఈయన దినాం రాత్రి దాని పక్కనే పండుకున్నడు, అరవకుంట."

లేని సావు నేను చెప్పిన, లేని పుట్టుక వాళ్లు చెప్పిండ్రు. ముగ్గురం దూడె ముందర కూసొని, నవ్వుడో ఏడ్సుడో తెల్వకుంట శానసేపు ఉన్నం. దూడె మల్లేశన్న దస్తీ నములుతంది. దానికి చిన్నతాత అని పేరు వెట్టినం. డాక్టర్ పొద్దుగాల ఎండల నిలవడుమన్నడు గదా, దినాం దానికి పాల సీసా నేనే పట్టాలె. నేను లేవకపోతె అది తలుపును గుద్దుతది. నా తాత నన్ను నిద్రలేపుతుండు స్వామీ. అన్ని పొద్దులు లేస్తున్ననని అనను. మొన్న రెండు రోజులు లేవలే. మూడో రోజు లేసిన.

ఇగ అసలు సంగతి. నిన్న బుధవారం. ఏ పండుగ లేదు, అమాస లేదు, పున్నమి లేదు. పొద్దుగాల పాలు పట్టినాక కొట్టం కాడనే కూసొని ఇంటికి ఫోన్ కలిపిన. నా అంగీకి పేడ. రెండో రింగుకే కావ్య ఎత్తింది. బడి బట్టల మీద ఉన్నది. ఫోన్‌ను బియ్యం డబ్బాకు ఆనిచ్చి ఉరికింది. లోపల గిన్నెలు కింద వడ్డ సప్పుడు. పళ్లెంల దీపం ముట్టిచ్చుకొని అచ్చింది. బడికి ఆలస్యమైతంది బిడ్డా అన్న. "ఆగు డాడీ, కదలకు" అన్నది. కదలలే.

హారతి అయినాక దాన్ని బడికి తోలి, మీ అక్క తెర ముందరికచ్చి నిలవడ్డది. కూసోలే. నేను అన్నీ చెప్పిన. చిన్నతాతను, మేనత్తను, బాత్రూం గొళ్లెంను, డాక్టర్‌ను, గోలీలను. ఒక్కటి దాయలే. మధ్యల ఆగితె మల్ల చెప్పలేనని ఊపిరి వట్టకుంట చెప్పిన. ఆమె కొంగు నోటికి అడ్డం వెట్టుకున్నది. నేను తిట్టు కోసం ఎదురుచూసిన. తిడ్తె మంచిగుండు అనిపిచ్చింది.

కొంగు తీసి అన్నది, "నాకు బాగలేదు అని నాతోని ఒక్క మాట చెప్పేతందుకు, ఓ మనిషిని చంపాల్నా?"

ఆమె ఫోన్ వెట్టలే. నేను గూడ వెట్టలే. అల్లాబకాష్ అచ్చి హారన్ కొట్టేదాంక అట్లనే ఉన్నం.

నీ గోలీలు మానకు. నడుము ఎట్లున్నది?

లక్ష్మణ్